పెళ్ళిరోజున ఊరంతా ఉపవాసం

ఈమధ్య మా సంస్థలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ప్రజలతో ఎలా మాట్లాడాలో ఏసీ గదిలో కూర్చోబెట్టి నేర్పుతున్నారట. తెర మీద బొమ్మలు కూడా వేసి చూపిస్తారట. సంతోషం. మా కాలంలో ఆ శిక్షణ ఒక్క వాక్యంతో సరిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన రోజున మా పెద్దసారు నా భుజం తట్టి, "జనం అడిగినదానికి జవాబు చెప్పకు, అడగనిది అసలే చెప్పకు" అన్నారు. ఇంత క్లుప్తమైన పాఠం మీకెవరూ చెప్పి ఉండరు. ఆ పాఠం నేనొకసారి తప్పాను. ఆ కథే ఇది.

తొంభైల్లో ఢిల్లీ వారికి ఒక సంగతి తట్టింది. పరాయి దేశాల దగ్గర ఇంధనం కొనుక్కోవడం పరువు తక్కువ పని. మన బొగ్గు మనమే తవ్వుకోవాలి, మన అణువు మనమే చీల్చుకోవాలి, మన గ్యాసు మనమే తోడుకోవాలి. ఈ ముక్కని మా ఆఫీసు గోడల మీద, క్యాలెండర్ల మీద, చివరికి టీ కప్పుల మీద కూడా రాయించారు. తోడాల్సిన గ్యాసు మాత్రం ఢిల్లీలో లేదు. అది గోదావరి పాయల మధ్య కొబ్బరితోటల కింద, ఎవరో మధ్యాహ్నం పూట నడుం వాల్చిన మంచం కింద ఉంది. ఆ మంచం మీది మనిషిని లేపి, "మీ కింద ఉన్నది దేశానిదండి, కాస్త పక్కకి జరుగుతారా" అని అడగడం నా ఉద్యోగం. దానికి ఆఫీసులో చాలా పొడుగాటి పేరుండేది. ఊళ్ళల్లో మాత్రం భూముల ఆఫీసరు గారు అనేవారు. మాది నిడదవోలు పక్క. అండి, గారు లేకుండా మాకు మాట పెగలదు. ఆ ఒక్క అర్హతతోనే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారని నా అనుమానం.

నేను చెప్పే ఊరు ఒక పాయ ఒడ్డున ఉంది. ఊరికి తూర్పున, తోటలు దాటాక మా బావి. అందులోంచి వచ్చే గ్యాసు గొట్టాల్లో పడి ఎక్కడో ఉన్న కరెంటు ఫ్యాక్టరీకీ, ఎరువుల ఫ్యాక్టరీకీ వెళ్ళిపోయేది. ఆ కరెంటు దేశమంతా తిరిగేది గానీ, సాయంత్రమైతే ఈ ఊరి దారి మర్చిపోయేది. గొట్టాల్లో పట్టని గ్యాసుని ఒక ఎత్తయిన స్తంభం చివర మంట పెట్టి తగలేసేవాళ్ళం. ఆ మంట కనపడేంత దూరంలో, పెరళ్ళలో కూర్చుని, ఆడవాళ్ళు కొబ్బరి మట్టలూ డొక్కలూ పొయ్యిలోకి తోస్తూ, కళ్ళు తుడుచుకుంటూ అన్నం వండేవారు.

ఆ ఊళ్ళో ఒకావిడ ఉండేది. భర్తకి కొంచెం కొబ్బరితోట. ఆయన మహా నెమ్మదస్తుడు, ఆవిడ మాట్లాడితే తలాడించడం ఆయన వంతు. నెలకో రెండు నెలలకో ఆవిడ ఊరి ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని మా సైటు ఆఫీసుకి వచ్చేది.

"బాబుగారూ, మా పెరట్లోంచే కదండీ గ్యాసు పట్టుకెళ్తున్నారు. ఆ చేత్తోనే మా పొయ్యిలోకి కూడా ఓ గొట్టం వేయించండి."

"అది పాలసీలో లేదమ్మా."

"ఆకాశంలో తగలెయ్యడం ఉందా అండి పాలసీలో?"

"అది టెక్నికల్ అండి."

నిజానికి బావిలోంచి వచ్చిన గ్యాసుని శుభ్రం చెయ్యకుండా ఇళ్ళకి ఇవ్వలేం. ఆ మాట చెప్పొచ్చు. చెబితే, "అయితే శుభ్రం చేసి ఇవ్వండి" అంటుంది. అందుకని పాలసీ అనడమే సుఖం. ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. ఆవిడ "పదండే" అని అందరినీ తీసుకుని వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చేది.

ఇంత జరిగినా, కూతురి పెళ్ళికి మొదటి శుభలేఖల్లో ఒకటి నాకే ఇచ్చింది. "మీరు గ్యాసు తేకపోయినా పరవాలేదండి, మీరొస్తే చాలు" అంది. వేసవి రోజులు. పగటి ముహూర్తం. పెళ్ళివారు తుని వైపు నుంచి బస్సులో వస్తున్నారు. నేను పొద్దున్నే వెళ్ళాను. తాటాకు పందిరి, మైకుసెట్టు, జనరేటరు, పెరట్లో వరసగా తవ్విన గాడిపొయ్యిలు, వాటి మీద గుండిగలు. పనసపొట్టు కూర ఉడుకుతోంది. నూనెలో బూరెలు తేలుతున్నాయి. ఒక మూల పెళ్ళికూతురు స్నేహితురాళ్ళకి చేతి గోరింటాకు చూపించి ఏదో చెబుతుంటే వాళ్ళు పకపకా నవ్వుతున్నారు.

అప్పుడు కనిపించాడు, వీధిలో మా సూపరింటెండెంటు. బావి బాధ్యత ఆయనది. ఉత్తరాది మనిషి. ఎంతో కాలం నుంచి ఇక్కడే ఉన్నా ఆయనకి తెలుగులో భోజనం, లేదు, పెళ్ళి, అలాగేనండి మించి రాలేదు. జీపు దిగి పది గజాలు నడవడం ఎప్పుడూ చూడలేదు. అలాంటిది బావి దగ్గర్నుంచి నడిచి వచ్చాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో చెప్పాడు. బావి నెత్తిన ఉండే కవాటాల్లో అడుగు కవాటం దగ్గర అతుకు విచ్చింది. గ్యాసు బుస్సుమని బయటికి కొడుతోంది. స్తంభం మీది మంట ఆర్పించేశాడు. ఫోర్‌మన్ మనుషుల్ని పెట్టి బిగించే పని మొదలుపెట్టాడు. కానీ తూర్పు గాలి. గ్యాసు తోటల్లోంచి ఊరి మీదకి వస్తోంది. జేబులో పట్టే మీటరు ఒకటి ఉండేది ఆయన దగ్గర, గాల్లో గ్యాసు ఎంతుందో చూపించేది. తోట చివర దాని ముల్లు కదులుతోందన్నాడు.

"ఊళ్ళో నిప్పు ఉండకూడదు. మనుషులు కూడా ఉండకూడదు. ముందు పెద్దాయనతో మాట్లాడు. లైన్లో ఉన్నాడు."

గాలికి ఎగువన ఉన్న షెడ్డులో ఫోను. చుట్టుదారిన పరిగెత్తాను.

"ఇవాళ ఏం రోజో తెలుసా?" అన్నారు పెద్దసారు.

"పెళ్ళి రోజండి."

"ఎవరి పెళ్ళయ్యా? పార్లమెంటులో మంత్రిగారు ఇవాళ దేశీయ ఉత్పత్తి పెరిగిందని ప్రకటన చదువుతున్నారు. ఇవాళ లీకు అనే మాట ఎవరి నోటా రాకూడదు. మెయింటెనెన్సు అను."

"ఊళ్ళో పొయ్యిలు మండుతున్నాయి సార్. పెళ్ళి వంటలు. గాలి అటే ఉంది."

"చెబితే జనం కంగారు పడతారు. తొక్కిసలాట అవుతుంది. నేను పైవాళ్ళని అడిగి చెబుతాను. అప్పటిదాకా ఒక్క ముక్క చెప్పకు."

"పైవాళ్ళు ఎప్పుడు చెబుతారండి?"

"మీటింగులో ఉన్నారు."

గాలి మాత్రం మీటింగులో లేదు. ఫోను పెట్టేసి బయటికొచ్చాను. నా వెనకే వచ్చిన సూపరింటెండెంటు, పెద్దాయన ఏమన్నాడని అడిగాడు. చెప్పాను. ఆయన హెల్మెట్టు తీసి, నెత్తి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను రోడ్డు మీద బళ్ళు ఆపుతాను. ఊరు నీది" అన్నాడు. అంతే. ఆయనకీ పిల్లలున్నారు, ప్రమోషను రావలసి ఉంది.

నాకేదో ధైర్యం ఎక్కువని మీరు అనుకోకండి. ఆ గోరింటాకు నవ్వులు వినకుండా నేరుగా షెడ్డుకే వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. బహుశా మెయింటెనెన్సు అని ఉండేవాణ్ణి.

పెరట్లోకి వెళ్ళి ఆవిణ్ణి పిలిచాను. చేతిలో జల్లిగరిటెతోనే వచ్చింది.

"అమ్మా, పొయ్యిలు ఆర్పించాలి."

"ఏంటండీ?"

"పొయ్యిలన్నీ ఆర్పించాలండి. ఇప్పుడే."

ఆవిడ జల్లిగరిటె కింద పెట్టలేదు. "పొయ్యి వెలిగించుకోడానికి గ్యాసిమ్మంటే పాలసీలో లేదన్నారు. ఆర్పమనడానికి ఏం పాలసీ వచ్చిందండి ఇవాళ? కాసేపట్లో పెళ్ళివారు దిగుతారు. వాళ్ళకి పచ్చి బూరెలు పెట్టమంటారా?"

వంటవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. "లీకైందమ్మా. బావి దగ్గర. గాలి ఇటే ఉంది" అన్నాను.

ఆవిడ తూర్పుకి తిరిగి చూసింది. కొబ్బరాకుల మీదుగా ఎప్పుడూ కనపడే మంట లేదు. మళ్ళీ నా వైపు చూసి, "మా ఒక్క ఇల్లేనా, ఊరంతానా?" అని మాత్రం అడిగింది.

"ఊరంతానండి."

వంటవాళ్ళ నీళ్ళ డ్రమ్ములోంచి బిందె ముంచి, బూరెల పొయ్యిలో మొదటి బిందె ఆవిడే పోసింది. బుస్సున లేచిన ఆవిరిలో ఆవిడ కొత్త పట్టుచీర బూడిద కొట్టుకుపోయింది. తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మైకులో చెబుదామని ఆయన, అదే ఆవిడ భర్త, లేచాడు. జనరేటరు కూడా ఆపాలండి, నిప్పురవ్వ రేగుతుంది అన్నాను. మైకు లేదు. అయితేనేం, ఊరంతా తిరగడానికి అలవాటు పడిన దళం ఒకటి సిద్ధంగానే ఉంది. పొయ్యిల కోసం మా ఆఫీసుకి ఊరేగింపుగా వచ్చే ఆడవాళ్ళే, పసుపు చేతులతో, పెళ్ళి చీరలతో, వీధులు పంచుకుని ఇంటింటికీ వెళ్ళి పొయ్యిలు ఆర్పించారు. మా సంస్థ ప్రజాసంబంధాల విభాగం అంత చక్కగా పనిచెయ్యడం నేను ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

చుట్టలు లాక్కున్నారు. దేవుడి దగ్గర దీపాలు కొండెక్కించారు. ఒక ముసలావిడ అరుగు మీద, చుట్ట వెలిగిన కొస నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ కూర్చుంది. చుట్ట పారెయ్యమంటే, "నిప్పు నా నోట్లో ఉందిరా, బయటెక్కడుంది?" అని నాతో వాదన పెట్టుకుంది. తర్కం నాకు నచ్చింది గానీ ఒప్పుకునే టైము లేదు. ఆవిణ్ణి చుట్టతో సహా లేవదీసుకుని, నోరు పుక్కిలింపించి, పడమటి దారి పట్టించారు.

ట్రాక్టర్లు, మోటారుసైకిళ్ళు తియ్యొద్దన్నాను. అందరూ నడక. పశువుల్ని విప్పి తోలుకుంటూ, పసిపిల్లల్ని చంకనేసుకుని, కాలవ అవతల ఊరి హైస్కూలు వైపు బయల్దేరారు. పెళ్ళిబుట్టలో కూర్చోవలసిన పెళ్ళికూతురు, చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచింది. చేతిలో కొబ్బరిబోండాం ఉంది. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఆ కంగారులో, దాన్ని మాత్రం వదల్లేదు.

నేను కాలవ వంతెన దగ్గరికి చేరేసరికి అక్కడ పెద్ద గొడవ. తుని బస్సు వచ్చేసింది. మా సూపరింటెండెంటు రోడ్డుకి అడ్డంగా నిలబడి, ఎర్రగుడ్డ ఊపుతూ, తనకి వచ్చిన తెలుగంతా వాడేస్తున్నాడు.

"పెళ్ళి లేదు! పెళ్ళి లేదు! భోజనం లేదు!"

పెళ్ళికొడుకు తండ్రి బస్సు మెట్టు మీద నిలబడి ఊగిపోతున్నాడు. "ఎవడ్రా నువ్వు? మా పెళ్ళి లేదనడానికి నువ్వెవడివి? పిల్ల తరఫా?"

"అలాగేనండి" అన్నాడు సూపరింటెండెంటు, తెలిసినవాటిలో అదొక్కటే మర్యాదగా ఉందని.

అంతా అయిపోయింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే మా సూపరింటెండెంటు కాలవలో ఉండేవాడు. నేను మధ్యలో దూరి, చేతులు జోడించి, జరిగింది చెప్పాను. పెళ్ళికొడుకు తండ్రి కాసేపు నమ్మలేదు. అంతలో గట్టు మీద వరసగా వస్తున్న ఊరు కనిపించింది. ముందు పెళ్ళికూతురు. వెనక ఆవులు. ఆయన బస్సు దిగి, కండువా సర్దుకుని, "స్కూలెటండీ?" అన్నాడు. మంచి మనిషి.

హైస్కూలు ఊరికి బాగా దూరంగా, పడమటి దారి నుంచి దక్షిణానికి మళ్ళాక, గాలికి పక్కగా ఉంది. ముహూర్తం దగ్గర పడుతుంటే తరగతి గదుల ముందు బల్లలు జరిపి మండపం చేశారు. అప్పుడు పంతులుగారు నా దగ్గరికొచ్చి, మెల్లగా అడిగారు. "అగ్నిహోత్రం వెలిగించకుండా పెళ్ళి చెయ్యలేనండి. వెలిగించమంటారా, వద్దంటారా? నాకూ పెళ్ళాం బిడ్డలున్నారు."

నేను సూపరింటెండెంటు వైపు చూశాను. ఆయన మీటరు తీసి, పీటల చుట్టూ తిరిగి, పెళ్ళికొడుకు నెత్తి మీదా, పెళ్ళికూతురి జడ దగ్గరా పట్టి చూసి, హోమగుండం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు. "అలాగేనండి" అన్నాడు పంతులుగారితో. పెళ్ళయ్యేదాకా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు. కొత్త దంపతులు అగ్ని చుట్టూ తిరుగుతుంటే, మీటరు పట్టుకుని ఆయన కూడా వెనకాలే తిరిగాడు. ఆ పెళ్ళి ఫొటోల్లో అన్నింట్లోనూ ఆయనే ఉన్నాడు. చూసినవాళ్ళు పిల్లకి మేనమామ అనుకుంటారు.

హైస్కూలున్న ఊరివాళ్ళు అన్నం వండి, ఎవరింట్లో పెరుగు వాళ్ళు తెచ్చి, ఆవకాయ జాడీలు దింపారు. అంతమందికీ అదే విందు. సాయంత్రానికి ఫోర్‌మనూ అతని మనుషులూ, తడి గోనెలు కప్పుకుని, ఇత్తడి సుత్తులతో కొట్టి కొట్టి, ఆ అతుకు బిగించారు. ఇనుప సుత్తయితే రవ్వ లేస్తుంది. వాళ్ళ పేర్లు ఏ పేపర్లోనూ రాలేదు. దేశీయ ఉత్పత్తి పెరిగిందన్న ప్రకటన మాత్రం మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. ఆ పెళ్ళివారి ఊరి గాల్లో కలిసిపోయిన గ్యాసుని ఆ లెక్కలో కలిపారో లేదో నాకు తెలీదు.

పైవాళ్ళ దగ్గర్నుంచి అనుమతి కూడా వచ్చింది. జనానికి జాగ్రత్తగా చెప్పవచ్చునని. అప్పటికి జనం ఇళ్ళకి వెళ్ళి, దీపాలు పెట్టుకుని, పొయ్యిలు రాజేసుకుంటున్నారు.

కొన్నాళ్ళకి ఢిల్లీ నుంచి ఒక అధికారి విచారణకి వచ్చాడు. లీకు ఎందుకైందని కాదు. లీకు అని ఎవరన్నారని. పంచాయతీ ఆఫీసులో కుర్చీ వేశారు. ఆయనకి తెలుగు రాదు. దుబాసీగా ఉండాల్సినతను సెలవు పెట్టాడు. దాంతో నా మీద విచారణకి దుబాసీగా నన్నే కూర్చోబెట్టారు. మన వ్యవస్థలో న్యాయం ఎంత దగ్గరగా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

ఊరివాళ్ళ తరఫున ఆవిడే వచ్చింది. భర్త పక్కన నిలబడ్డాడు.

"ఆ రోజు పొయ్యిలు ఆర్పమని మీకు ఎవరు చెప్పారు?" అని అధికారి అడిగాడు. నేను తెలుగులో అడిగాను, నేల చూపులు చూస్తూ.

"ఎవరూ చెప్పలేదండి" అంది ఆవిడ. "ఆ రోజు మాకు ఉపవాసం."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కలం ఆపాడు. "పెళ్ళిరోజున ఉపవాసమా?"

"కన్యాదానం చేసేవాళ్ళు ఉపవాసం ఉండాలి కదండీ."

"తల్లిదండ్రులు సరే. ఊరంతా ఎందుకున్నారు?"

"మా ఊళ్ళో అందరం చుట్టాలమేనండి."

"మరి ఊరు వదిలి ఎందుకు వెళ్ళారు?"

"మా ఇల్లు ఇరుకండి. బళ్ళో పెట్టుకున్నాం పెళ్ళి."

భర్త తలాడించాడు. అధికారి ఇంకేదో అడగబోయి, ఎండ చూసి, మానేశాడు. రాసుకున్నది మడిచి పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత ఏయే బల్లల మీదుగా ప్రయాణం చేసిందో గానీ, ఆ ఏడాది మా ఆఫీసుకి ఒక షీల్డు వచ్చింది. మా బావి పక్క ఊరి ప్రజలు స్వచ్ఛందంగా ఒకరోజు పొయ్యి వెలిగించకుండా ఇంధన పొదుపులో దేశానికి ఆదర్శంగా నిలిచారట. పెద్దసారు దండ వేయించుకుని ఫొటో దిగారు. సూపరింటెండెంటుని ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు ఆయన ఎవరితో ఏం మాట్లాడాడో ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి నేరం రుజువు కాలేదు.

నాకు మాత్రం పరిపాలనా సౌలభ్యం కోసం ఎడారికి బదిలీ అయింది. అక్కడ బావులున్నాయి గానీ చుట్టూ ఊళ్ళు లేవు. ఎవరికీ ఏమీ చెప్పే అవకాశం ఉండదని బాగా ఆలోచించే వేశారు.

వెళ్ళేముందు ఆవిడకి చెబుదామని వెళ్ళాను. అంతా విని, "మిమ్మల్ని కాపాడాలని అబద్ధం ఆడలేదండి" అంది. "మీరుంటే ఇంకోసారి కూడా చెబుతారని ఆడాను. ఇప్పుడు మీ కుర్చీలోకి ఎవరొస్తున్నారు?"

"కుర్రాడండి. బాగా చదువుకున్నాడు."

"ఓసారి భోజనానికి తీసుకురండి. మనిషిని చూస్తే తెలుస్తుంది."

తీసుకెళ్ళాను. నిజంగానే మంచి కుర్రాడు. మర్యాదస్తుడు. ఆవిడ అరిటాకు వేసి, కొసరి కొసరి వడ్డించింది. వేడన్నంలో నెయ్యి వేస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగింది. "బాబూ, మళ్ళీ లీకైతే మాకు చెబుతారా అండి?"

అతను ముద్ద మింగి, ఎంతో శ్రద్ధగా జవాబు చెప్పాడు. "తప్పకుండానండి. ప్రొసీజర్ ప్రకారం, పైనుంచి ఆమోదం రాగానే చెబుతాం."

ఆవిడ అతనికి ఇంకో గరిటె నెయ్యి వేసింది. గిన్నె కింద పెట్టి, నాకు ఎదురుగా కూర్చుని తింటున్న భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, రేపట్నుంచి పొద్దున్న లేవగానే గాలి ఎటుందో చూస్తూ ఉండండి."

ఆయన తలాడించాడు. తర్వాత ఏమనుకున్నాడో, తినడం సగంలో ఆపి, ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, తలెత్తి కొబ్బరాకుల వంక చూస్తూ నిలబడ్డాడు.